కరోనా ఒకసారి వచ్చి పోయినవారికి మరల రాదా?

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతులలో ఒక ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



ఉదయమునుండి ఇంటిపన్ను వసూలును గూర్చియు, మంచినీటి పథకముల నిర్వహణను గూర్చియు విని మీరు అలసియున్నారు. ఇప్పుడు ఆరోగ్య విషయమున మాటలాడుటకు నాకు కొంత కాలమును కేటాయించినారు. నేను డాక్టరును కాను. డాక్టర్లును, శాస్త్రజ్ఞులును పరిశోధించి తేల్చిన సంగతులను గ్రామములలో అందరికిని తెలియు మాటలలో చెప్పుట నా ఉద్యోగము. ఆ ఉద్యోగమున నేనొకమారు తొందరపడి ఒక మాట చెప్పితిని. దానిని సవరించుకొనుటయే ఈనాటి నా ప్రసంగమునకు కారణము.

కరోనా సంగతి ఇప్పుడెందుకని మీరడుగవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30వ తేదీన ప్రకటించిన అత్యవసర పరిస్థితిని 2023 మే 5వ తేదీన ముగించినది. అత్యవసర పరిస్థితి తొలగినది గాని వ్యాధి తొలగలేదు. ఆ సూక్ష్మజీవి రూపములు మార్చుకొనుచు జనులలో తిరుగుచునే యున్నది. అందుచేత “మాకు వచ్చి పోయినది, ఇక రాదు” అను మాట నిజమా, నిజమైనచో ఎంతకాలము నిజము అనునది తెలిసికొనుట నేటికిని అవసరమే.

2020వ సంవత్సరము నవంబరు నెలలో ఒక గ్రామమున సభ జరిగెను. ఊరి పేరు చెప్పను. సభ ముగిసిన పిదప ఒక యువకుడు లేచి, “అయ్యా, నాకు ఆగస్టులో వచ్చి తగ్గిపోయింది. ఇక నాకు రాదు గదా?” అని అడిగెను. “నీకు భయము లేదు నాయనా, నిశ్చింతగా ఉండుము” అని నేను చెప్పితిని. అప్పటికి ఆ వ్యాధి మన దేశమునకు వచ్చి పది నెలలు. పది నెలల అనుభవముతో ఎవరు మాత్రము ఏండ్ల సంగతి చెప్పగలరు? “కొన్ని నెలలవరకు భయము తక్కువ” అని చెప్పియుండవలసినది. ఆ ‘కొన్ని నెలలు’ అను రెండు మాటలను నేను మింగివేసితిని. ధైర్యము చెప్పుట నా పని అనుకొంటిని.

ఆ యువకుడు మంచివాడు. 2021 వేసవిలో రెండవ ఉద్ధృతి వచ్చినపుడు, తనకు ఇక రాదను నమ్మకముతో, వ్యాధి సోకిన ఇండ్లకు అన్నము, మందులు మోసెను. ఎవరును ముందుకు రాని సమయమున రోగులను ఆటో ఎక్కించెను. మాస్కు మాత్రము పెట్టుకొనలేదు. మే నెలలో అతనికి రెండు దినములు గొంతు నొప్పి, కొద్దిపాటి జలుబు కలిగెను. అతడు దానిని లెక్కచేయలేదు. ఇంటిలో తల్లి, ఆమెకు చక్కెర వ్యాధి. వారము తిరుగకుండ ఆమెకు జ్వరము, ఆయాసము వచ్చెను. పరీక్ష చేయగా ఇరువురికిని వ్యాధి ఉన్నట్లు తేలెను. కుమారుడు ఇంటిలోనే కోలుకొనెను. జిల్లా ఆసుపత్రికి పోయిన తల్లి మరల ఇల్లు చేరలేదు.

ఆమెకు కుమారునివలననే సోకినదని నిర్ధారణగా చెప్పజాలము. ఆ నెలలో ఊరంతయు అదే వ్యాధి. అయినను కొన్ని నెలల తరువాత అతడు నాకు కనబడి, “మీరు చెప్పారు గదండీ” అనెను. కోపముతో అనలేదు. అంతమాత్రమే అని ఊరకుండెను.

అతని నమ్మకము మూఢనమ్మకము కాదు. మన పల్లెలలో తరతరములుగా వచ్చిన అనుభవమే దానికి పునాది. మశూచి రోజులు మీలో పెద్దవారికి జ్ఞాపకముండును. ఒకసారి అమ్మవారు పోసినవారికి మరల పోయదని అందరెరుగుదురు. ముఖమున స్ఫోటకపు మచ్చలున్నవారే రోగి దాపున నుండి వేపమండలతో విసరెడివారని మా నాయనమ్మ చెప్పుచుండెడిది. వారు ధైర్యముగా కూర్చుండుట సరియైన పనియే. మశూచి నుండి బ్రతికి బయటపడినవారికి అది రెండవసారి వచ్చుట మిక్కిలి అరుదు. ఆ వ్యాధి మన దేశములో 1975లో అంతరించినది. ప్రపంచమంతట అంతరించినట్లు 1980లో ప్రకటింపబడినది. వ్యాధి పోయినను, అది నేర్పిన పాఠము మన మనస్సులలో మిగిలినది.

తట్టు విషయముకూడ అంతియే. దీనికొక ప్రసిద్ధ దృష్టాంతము కలదు. యూరపుకు ఉత్తరమున సముద్రమధ్యమున ఫారో దీవులని ఉన్నవి. అచ్చట 1781లో తట్టు వ్యాపించెను. తరువాత 65 సంవత్సరములు ఆ దీవులలో తట్టు లేదు. 1846లో ఓడ ప్రయాణికులతో పాటు మరల వచ్చెను. దీవుల జనాభా సుమారు 7,800. అందులో సుమారు 6,000 మందికి వ్యాధి సోకెను. డెన్మార్కు ప్రభుత్వము పంపిన పానుమ్ అను యువ వైద్యుడు ఇల్లిల్లు తిరిగి విచారింపగా ఒక వింత బయటపడెను. 1781లో తట్టు వచ్చి బ్రతికియున్న వృద్ధులలో ఒక్కరికిని ఈసారి రాలేదు. 65 ఏండ్ల పిదపకూడ వారి శరీరము శత్రువును మరచిపోలేదు.

మరి జలుబు మాటయేమి? పోయిన సంవత్సరము పడిశము పట్టినది గనుక ఈ సంవత్సరము పట్టదని ఎవరైన అందురా? మీ పిల్లలకు ఏటేట ఎన్నిసార్లు ముక్కు కారునో మీకే తెలియును. కరోనా కుటుంబమునకు ఆ పేరు 1968లో పెట్టబడినది. సూక్ష్మదర్శినిలో చూడగా దాని చుట్టును కిరీటము వంటి అంచు కనబడుటచే ఆ పేరు వచ్చినది. ఆ కుటుంబములో నాలుగు రకములు చిరకాలముగా మనుష్యులలో తిరుగుచు సామాన్యమైన జలుబులను కలిగించుచున్నవి. అనగా 2020లో వచ్చినది క్రొత్తదే గాని, దాని జ్ఞాతులు మన ఇండ్లలో ఎప్పటినుండియో ఉన్నారు. క్రొత్తవాని స్వభావము తెలియవలెనన్న జ్ఞాతుల స్వభావము చూడుట మన పల్లెల పద్ధతియే గదా!

ఇంగ్లండులో సాల్స్‌బరీ పట్టణము చెంత జలుబును పరిశోధించు కేంద్రమొకటి 1946 నుండి 1990 వరకు పనిచేసెను. అచ్చట స్వచ్ఛందముగా వచ్చిన 15 మంది ముక్కులలో ఈ జలుబు కరోనాను వేసి చూచిరి. 10 మందికి సోకెను; 8 మందికి జలుబు చేసెను. సంవత్సరము గడచిన పిదప వారిని మరల పిలిచి అదే సూక్ష్మజీవిని మరల వేసిరి. మొదట సోకిన వారిలో మరల వచ్చినవారు 9 మంది. అందులో 6 గురికి రెండవసారియు సోకెను. కాని ఒక్కరికిని జలుబు లక్షణములు కనబడలేదు. ఈ ఫలితములు 1990లో ప్రచురింపబడినవి. సూక్ష్మజీవి ముక్కులోనికి ప్రవేశించినది, పెరిగినది, బయటికి కూడ వచ్చినది; కాని మనిషిని పడవేయలేకపోయినది. ఈ సంగతిని మీరు జ్ఞాపకముంచుకొనవలెను. మన ప్రశ్నకు సమాధానములో సగము ఇందులోనే ఉన్నది.

హాలెండు దేశమందలి ఆమ్‌స్టర్‌డామ్ నగరమున 10 మంది ఆరోగ్యవంతుల రక్తమును 1985 నుండి సుమారు 35 సంవత్సరములు దాచి పరీక్షించిన పండితులు 2020లో తమ ఫలితములు ప్రకటించిరి. ఒకే రకపు జలుబు కరోనా వారికి మరల మరల సోకెను. తరచుగా పండ్రెండు నెలలకు, ఒక్కొక్కప్పుడు ఆరు నెలలకే.

మశూచికి, తట్టుకు ఉన్న కట్టుబాటు కరోనాకు ఎందుకు లేదు? కొంచెము వివరముగా చెప్పెదను.

వ్యాధి సోకినపుడు మన రక్తములో యాంటీబాడీలను రక్షక పదార్థములు పుట్టును. ఇవి సూక్ష్మజీవిని పట్టుకొని నిరోధించును. వ్యాధి తగ్గిన క్రొత్తలో ఇవి మెండుగా ఉండును. నెలలు గడచినకొలది తగ్గును. ఇట్లు తగ్గుట శరీరపు లోపము కాదు. కోతల కాలమున పొలములో నూరుమంది కూలీలుందురు. కోతలు ముగిసిన పిదపకూడ ఆ నూరుమందికిని కూలి ఇచ్చు రైతు ఎవడు? అతడు చేయు పని మరియొకటి యున్నది: విత్తనములను గాదెలో దాచుకొనును. శరీరమును అట్లే దాచుకొనును. అమెరికాలోని సెంట్ లూయిస్ నగర పరిశోధకులు, కరోనా తగ్గిన సుమారు పదునొకండు నెలలకు కూడ ఎముకల మూలుగులో యాంటీబాడీలను తయారుచేయు కణములున్నట్లు 2021లో చూపిరి. 2003లో ప్రబలిన సార్స్ అను వ్యాధియు ఈ కుటుంబములోనిదే. దానినుండి కోలుకొన్నవారిలో, శత్రువును గుర్తించు టి కణములు 17 సంవత్సరముల తరువాతకూడ నిలిచియున్నట్లు సింగపూరు పరిశోధకులు 2020లో తెలిపిరి.

విత్తనములున్నవి. కాని విత్తనము మొలకెత్తుటకు దినములు పట్టును. తట్టు సోకినపిదప జ్వరము వచ్చుటకు సుమారు పది దినములు పట్టును. ఈలోగా శరీరము దాచిన విత్తనములను చల్లి పైరు పెంచుకొనగలదు. కరోనా అట్లు వ్యవధి ఇచ్చునది కాదు. ముక్కులోను, గొంతులోను దిగి రెండు మూడు దినములలోనే పెరిగి, దగ్గుతో పొరుగువారిని చేరును. ముక్కు పొరలలోని కాపుదల రక్తములోని కాపుదలకంటె త్వరగా సన్నగిల్లును. అందుచేత వాకిట దొంగను ఆపలేకపోవచ్చును. ఇంటిలోపలికి, అనగా ఊపిరితిత్తులలోనికి, దూరి ప్రాణము తీయకుండ చాలమందిలో ఆపగలుగును. దీనికి తోడు దొంగ వేషము మార్చును. తట్టు సూక్ష్మజీవి మన శరీరము గుర్తించు ముఖమును నేటికిని మార్చుకొనలేదు. కరోనా అయితే ఆల్ఫా, డెల్టా, ఒమిక్రాన్ అని వేషములు వేసినది.

ఇక కాలపరిమాణము. ఒక వ్యక్తికి రెండుమారులు సోకినట్లు శాస్త్రీయముగా ధ్రువపడిన మొదటి ఉదంతము 2020 ఆగస్టులో హాంకాంగులో వెల్లడియైనది. 33 ఏండ్ల పురుషుడు. మొదటిసారి మార్చిలో దగ్గు, జ్వరము కలిగెను. 142 దినముల పిదప విమానాశ్రయములో జరిపిన పరీక్షలో రెండవసారి బయటపడెను. ఈమారు అతనికి ఏ బాధయు లేదు. రెండుసార్లును సూక్ష్మజీవి యొక్క నిర్మాణమును పోల్చి చూచి, ఇది పాతది మిగిలియుండుట కాదని తేల్చిరి. ఎందుకనగా వ్యాధి తగ్గినవారి ముక్కులో చచ్చిన సూక్ష్మజీవి తునకలు కొన్ని వారములుండి పరీక్షలో కనబడుట కలదు. అందుచేతనే మన భారత వైద్య పరిశోధనా మండలి పండితులు, రెండు పరీక్షల నడుమ 102 దినములైన గడచి, మధ్యలో ఒకసారి వ్యాధి లేదని తేలియున్నప్పుడే రెండవ సోకుడుగా లెక్కించిరి. అట్లు 1,300 మందిని విచారింపగా 58 మంది తేలిరి.

బ్రిటను ఆసుపత్రుల సిబ్బందిలో పాతికవేలకు పైబడినవారిని పరిశీలించి 2021లో చెప్పినదేమనగా, ఒకసారి వచ్చినవారికి సుమారు ఏడు నెలల కాలములో ముప్పు 100కి 84 పాళ్ళు తగ్గినది. వ్యాధి ఎన్నడును రానివారిలో 100 మందికి సోకుచోట, వచ్చి పోయినవారిలో 16 మందికి సోకినదన్నమాట. ఇది మంచి రక్షణయే. కాని డెన్మార్కు దేశపు లెక్కలు చూడుడు. అచ్చటను మొత్తముమీద రక్షణ 100కి 80 పాళ్ళు. 65 ఏండ్లు దాటినవారిలో మాత్రము 47 పాళ్ళే. ఎవరికి రక్షణ ఎక్కువ కావలెనో వారికే అది తక్కువ. మన అరుగులమీద కూర్చుండు ముసలివారిని తలచుకొని ఈ అంకెను చదువవలెను.

ఈ లెక్కలన్నియు ఒమిక్రాను రాకపూర్వమువి. 2021 చివర అది వచ్చినపిదప లెక్క తారుమారైనది. 19 దేశములలో జరిగిన 65 పరిశోధనలను కూర్చి 2023 ఫిబ్రవరిలో ప్రకటించిన అంచనా ప్రకారము, పాత రకములు మరల సోకకుండ పది నెలల పిదపకూడ 100కి సుమారు 79 పాళ్ళు రక్షణ ఉన్నది. ఒమిక్రాను సోకకుండ 36 పాళ్ళే. కాని ఆసుపత్రి పాలగుట, మరణించుట విషయమున ఒమిక్రానుకు ఎదురుగాకూడ సుమారు 89 పాళ్ళు రక్షణ నిలిచినది. కతార్ దేశ పరిశోధకులు 2025లో ప్రచురించిన దానినిబట్టి, ఒమిక్రాను కాలమున మరల సోకకుండ ఉండు శక్తి ఇటీవల వచ్చినవారికే బలముగా నుండి, ఏడాదిలోపలనే దాదాపు అడుగంటుచున్నది. ప్రాణాపాయమునుండి కాపాడు శక్తి మాత్రము బలముగానే ఉన్నది. సాల్స్‌బరీలో కొద్దిమందిలో కనబడినదే దేశదేశముల లెక్కలలో కనబడినది.

ఆ యువకుడు నన్ను ఈనాడడిగినచో నేనిట్లు చెప్పుదును: “నాయనా, నీకు మరల రావచ్చును, కొన్ని నెలలు గడచిన పిదప సులభముగానే రావచ్చును. నీ ప్రాణమునకు ముప్పు చాలవరకు తగ్గినది. కాని నీ ముక్కులోనిది నీ తల్లిని చేరును. నీ రక్షణ నీదే, ఆమెది కాదు.”

గ్రామము మొత్తమును గూర్చికూడ ఇట్టి పొరపాటు జరుగుట కలదు. “మా ఊరిలో అందరికి వచ్చి పోయినది, ఇక మాకేమి?” అని సర్పంచులే నాతో అనుట విన్నాను. బ్రెజిలు దేశమున అమెజాన్ ప్రాంతమున మనౌస్ అను పెద్ద నగరమున్నది. 2020 అక్టోబరు నాటికి అచ్చట నూటికి 76 మందికి సోకియుండునని రక్తదాతల పరీక్షలనుబట్టి అంచనా వేసిరి. ఇక అచ్చట వ్యాధి తల ఎత్తదని చాలమంది తలచిరి. 2021 జనవరిలో ఆసుపత్రులు నిండి, ప్రాణవాయువు చాలక జనులు మరణించిరి. అంచనా హెచ్చుగా వేసిరా, శక్తి సన్నగిల్లెనా, క్రొత్త రకము దాటివచ్చెనా అని పండితులు చర్చించిరి. ఏది ఎంత కారణమైనను, అందరికి వచ్చినదను లెక్క ఆ నగరమును కాపాడలేదు.

మన దేశములో ఇట్టి రక్తపరీక్షల సర్వే 70 జిల్లాలలో నాలుగుమారులు జరిగెను. ఆంధ్రప్రదేశ్‌లో కృష్ణా, నెల్లూరు, విజయనగరము జిల్లాలు, తెలంగాణలో జనగామ, కామారెడ్డి, నల్లగొండ జిల్లాలు అందులో నున్నవి. 2021 జూన్, జూలై నెలల నాటి నాలుగవ సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 70 మందికి, తెలంగాణలో 63 మందికి యాంటీబాడీలున్నట్లు తేలెను. వ్యాధి వచ్చినవారును, టీకా వేయించుకొన్నవారును ఈ లెక్కలో కలిసియున్నారు. అయినను 2022 జనవరిలో ఒమిక్రాను ఇంటింటికి రాక మానలేదు. వచ్చినది గాని, అంతకు ముందటి వేసవివలె శ్మశానములను నింపలేదు. ఆ నూటికి డెబ్బది అను అంకె ఏ పనికి వచ్చినది, ఏ పనికి రాలేదు అనునది ఈ రెండు సంగతులను కలిపి చూచిన తెలియును.

పట్టణములలో కొందరు డబ్బు చెల్లించి యాంటీబాడీ పరీక్ష చేయించుకొని, కాగితము జేబులో పెట్టుకొని తిరిగిరి. వ్యాధి తగ్గినవారికి అట్టి యోగ్యతాపత్రములిచ్చుటను గూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 ఏప్రిల్‌లోనే హెచ్చరించినది. రక్తములోని అంకె ముక్కులోని కాపుదలను చెప్పదు. ఎవరైన అట్టి కాగితము చూపి, జాగ్రత్తలు తమకు వర్తింపవన్నచో, పంచాయతీ దానిని అంగీకరింపవలసిన పని లేదు.

“వచ్చి తగ్గినవారికి టీకా ఎందుకు?” అని 2021లో ప్రతి ఊరిలోను అడిగిరి. కోలుకొన్న మూడు నెలల పిదప వేయించుకొనవలెనని ఆ సంవత్సరము మే నెలలో కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పినది. ఆ మాట సరియైనదని తరువాత తేలినది. వ్యాధియు వచ్చి, టీకాయు పడినవారికి ఏడాది గడచినను తీవ్రవ్యాధి నుండి 100కి సుమారు 97 పాళ్ళు రక్షణ ఉన్నట్లు 2023లో ప్రచురింపబడినది. అయితే టీకాకొరకు వ్యాధిని కోరి తెచ్చుకొనువాడు లేడు గదా. మొదటిసారి వ్యాధికే బలియైనవారు ఈ లెక్కలలో లేరు.

ఇక మీ చేతిలోని పనులు. మీ వార్డులో ఏ ఇంటిలో ముసలివారున్నారో, ఎవరికి చక్కెర వ్యాధి, గుండె జబ్బు, మూత్రపిండముల జబ్బు ఉన్నవో ఆశా కార్యకర్తకంటె మీకే బాగుగా తెలియును. ఊరిలో దగ్గు, జ్వరములు ఒక్కసారిగా హెచ్చినపుడు మొదట ఆ ఇండ్లను తలచుకొనవలెను. దగ్గు ఉన్నవాడు, తనకు లోగడ వచ్చినను రాకపోయినను, వారి దాపునకు పోరాదు. పోక తప్పనిచో ముక్కు, నోరు కప్పుకొనవలెను. ఆయాసము కనబడిన ముసలివారిని సొంత వైద్యములతో ఆలస్యము చేయక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు చేర్చవలెను. రోగులకు సేవచేయ ముందుకు వచ్చు యువకులను వారింపకుడు. అట్టివారు ఊరికి ఆభరణములు. వారికి మాస్కులిచ్చి, ఇంటిలో వృద్ధులున్నారా అని మొదట అడుగుడు. ఉన్నచో వారికి వేరొక పని అప్పగింపుడు. ఫోనుమీద ఆటోలు పిలుచుటకు, మందుల చీటీలు వ్రాయుటకు కూడ మనుష్యులు కావలెను.

మరియొక సంగతి. రెండవసారి వచ్చినదని తెలిసిన వానిని చూచి “వీనికేదో దోషమున్నది, అందుకే మరల వచ్చినది” అను మాటలు కొన్ని ఊళ్ళలో వినబడినవి. ఆ మాటకు భయపడి జనులు జ్వరమును దాచుకొందురు. పడిశము రెండవసారి పట్టినవానిలో ఎంత దోషమున్నదో ఇతనిలోను అంతియే ఉన్నది.

ఆ యువకుడు నేడు తన ఊరి పంచాయతీలో వార్డు సభ్యుడు. ఈ తరగతులకు అతని జట్టు వచ్చే నెలలో రానున్నది. ఇదే ప్రసంగమును అతని ఎదుటను చేయవలసియున్నది.

మీకేవైన సందేహములున్నచో ఇప్పుడడుగవచ్చును. నాకు తెలిసినంతవరకు నేను చెప్పెదను. తెలియనివానికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరుగారు ఇచ్చటనే ఉన్నారు.